రాజమణి చెప్పని మాట నేను చదివాను

మా ఉద్యోగానికి జనంలో సరైన పేరు ఉండేది కాదు. ఆఫీసు బోర్డు మీద దృశ్య శ్రవణ విభాగం అని రాసి ఉండేది. పాతబస్తీలో మాత్రం మమ్మల్ని "బొమ్మల జీపోళ్ళు" అనేవారు. ఆ పేరే మాకు బాగా నప్పింది. జీపులో ఒక స్లైడు ప్రొజెక్టరు, చుట్టిన తెల్లగుడ్డ తెర, మైకు, రెండు లౌడుస్పీకర్లు, ఇద్దరు పట్టుకుంటే గానీ కదలని టేప్ రికార్డరు వేసుకుని బస్తీలకు వెళ్ళేవాళ్ళం. పొద్దు గూకగానే తెర కట్టి, ఒక్కో బొమ్మ వేస్తూ, దానికి తగిన కవిత మైకులో చదివేవాళ్ళం. ఏ ఇంట్లోనూ టీవీ లేని రోజులవి. తెర కడితే చాలు, జనం వచ్చి కూర్చునేవారు.

బొమ్మలు తీసేది ఖాదర్ భాయ్. చదివేది నేను. నా గొంతు బాగుంటుందని అందరూ అనేవారు. నాకూ ఆ సంగతి తెలుసు. ఇప్పుడు రాయబోయే కథంతా దాదాపు అక్కడినుంచే మొదలయింది.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నా అనుభవాలు రాసిపెట్టమన్నారు. వాళ్ళ చేతుల్లో ఇప్పుడు మాకంటే మంచి సామాను ఉంది. నాకొచ్చిన ప్రమోషన్ల గురించి, తిరిగిన జిల్లాల గురించి రాస్తే వాళ్ళకేమీ ఒరగదు. నేను చేసిన తప్పు రాస్తే ఒరగవచ్చు.

చంద్రుడి బొమ్మ

ఉద్యోగంలో చేరేనాటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. తెనాలి దగ్గర పుట్టి, తెలుగు ఎమ్మే చదివి, అరవైల చివర్లో హైదరాబాదు వచ్చాను. నేను సిద్ధం చేసిన మొదటి కార్యక్రమంలో వెన్నెల మీద ఒక గేయం ఉంది. దానికి చంద్రుడి బొమ్మ కావాలని ఖాదర్ భాయ్‌ని అడిగాను. ఆయన నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. తాతల నాటినుంచి పాతబస్తీ మనిషి. పెళ్ళిళ్ళకు ఫోటోలు తీస్తూ తీస్తూ సర్కారు కొలువులోకి వచ్చాడు.

"చాంద్ అని నోటితోని అంటున్నవు గదా మూర్తి సాబ్," అన్నాడాయన. "మళ్ళ బొమ్మ గూడ చాందే ఎందుకు? జనమేమన్న చెవిటోళ్ళా?"

"మరేం చూపిస్తాం?"

ఆయన రెండు రోజుల తర్వాత ఒక స్లైడు తెచ్చాడు. ఇంటి ముందు అప్పుడే కడిగిన బండలు, వాటి మీద తడి మెరుపు, ఆ మెరుపులో కాళ్ళు ముడుచుకుని కూర్చున్న ఒక ముసలావిడ. చంద్రుడు ఎక్కడా లేడు. ఆ బొమ్మ పెట్టి గేయం చదివినప్పుడు, నాలుగు వందలమంది ఉన్న చోట ఒక్క దగ్గు వినిపించలేదు.

మాటలో ఉన్నదాన్నే బొమ్మలో పెట్టకూడదని ఆ రోజు నేర్చుకున్నాను. మాటలో దాచినదాన్ని బొమ్మ బయటపెట్టకూడదని నేర్చుకోవడానికి మరో మూడేళ్ళు పట్టింది. దాని ఖరీదు నేను కట్టలేదు, ఇంకొకరు కట్టారు.

"తెలుగుల సదువన్నా"

ప్రత్యేక రాష్ట్రం గొడవలు కాస్త చల్లారిన రోజులు. చాంద్రాయణగుట్ట దగ్గర రాళ్ళు కొట్టేవాళ్ళ గుడిసెల మధ్య కార్యక్రమం పెట్టాం. నేను పాత పద్యాలు రాగం తీసి మరీ చదివాను. మధ్యలో ఒకాయన లేచి, చాలా మర్యాదగా అడిగాడు.

"అన్నా, బొమ్మలు మస్తుగున్నయి. జర తెలుగుల సదువుతవా?"

"ఇది తెలుగే కదండీ!" అన్నాను. మైకు ముందే ఉంది. నా మాట అందరికీ వినిపించింది. జనం విరగబడి నవ్వారు. ఆయన కూడా నవ్వి కూర్చున్నాడు.

జీపులో తిరిగి వస్తూ నేను ఆ మనిషిని తిట్టుకున్నాను. వీళ్ళకు భాష రాదు, మనం నేర్పాలి అన్నాను. ఖాదర్ భాయ్ కిటికీలోంచి బయటికి చూస్తూ, "వాళ్ళు అర్థమైతలేదు అన్నరు సాబ్. రాదు అనలే," అన్నాడు. రెండింటికీ తేడా ఏమిటో ఆ వయసులో నాకు పట్టలేదు.

రాజమణి

మాదన్నపేటలో ఆడవాళ్ళకు ఒక రాత్రిబడి నడిచేది. అక్కడి టీచరమ్మ ఒకసారి మా ఆఫీసుకు వచ్చి, తన క్లాసులో ఒకావిడ సొంతంగా పాటలు కడుతుందని చెప్పింది. మా ఆఫీసరు గారు చాలా సంతోషించారు. పేరున్న కవులను చదివీ చదివీ విసుగొచ్చింది, బస్తీ మనిషి కవితను బస్తీలోనే వినిపిస్తే పైవాళ్ళు కూడా మెచ్చుకుంటారని ఆయన ఆలోచన. నేను టేప్ రికార్డరు జీపులో వేయించుకుని బయలుదేరాను.

రాజమణికి ముప్పై ఏళ్ళుంటాయి. ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో ప్రసూతి వార్డు ఆయా. మైలబట్టలు మార్చడం, ఉతకడం, తీగల మీద ఆరేయడం ఆమె పని. భర్త కార్పొరేషన్‌లో నీళ్ళ పైపుల పని చేసేవాడు. అత్త లక్ష్మమ్మ వాళ్ళతోనే ఉండేది. కూతురు పుట్టి, ఏడాది నిండకముందే జ్వరంతో పోయింది. అది జరిగి అప్పటికి ఐదేళ్ళు. మళ్ళీ పిల్లలు కలగలేదు.

రాత్రిబడి గదిలో, టీచరమ్మ పక్కన ఉండగా, ఆమె తన కవిత చెప్పింది. కాగితం చూడలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, నేల చూస్తూ చెప్పింది.

పొద్దుగాల ఒళ్ళు కాలె, ఎండ అనుకున్న
ఎండల్నే నడిచి డ్యూటికి పోయిన
దవాఖాన్ల దుప్పట్లు ఉతికిన
పుట్టినోళ్ళ వాసన పోయేదాక ఉతికిన
తెల్లగ ఆరినయి దుప్పట్లు తీగ మీద
ఇంటికొస్తె తొట్టెల ఆగి ఉన్నది
ఏ నీళ్ళల్ల ఉతకాలె ఇగ ఆ పొద్దును

నేను చాలా పుస్తకాలు చదివినవాణ్ణి. అంత మంచి కవిత ఎదురుగా కూర్చుని ఎవరి నోటా వినలేదు. కానీ తెలుగు ఎమ్మే బుర్ర ఊరుకోదు కదా. మొదటి పాదం స్పష్టంగా లేదనిపించింది. ఒళ్ళు కాలింది ఎవరికి? తల్లికా, పిల్లకా?

ఆ మాటే అడిగాను.

ఆమె టీచరమ్మ వైపు చూసింది. టీచరమ్మ మంచినీళ్ళు తెస్తానని లేచి వెళ్ళింది. అప్పుడు రాజమణి, "టేపు బంద్ చెయ్యుండ్రి సారూ," అంది.

ఆపాను.

"ఆ పొద్దున పిల్లకు జరం ఉండె. నెత్తి మీద చెయ్యి పెట్టి సూసిన. మా అత్తకు చెప్పలే. చెప్తె డ్యూటికి పోనియ్యదు. అప్పటికే రెండు దినాలు నాగ అయినయి, ఇంకోటి అయితె కొలువు పోతదని భయం. మాపటి వరకు తగ్గుతది అనుకుని పోయిన." కొంగుతో నోరు తుడుచుకుంది. "నేను పోయినంకనే జరమొచ్చిందని ఇంట్ల అందరు అనుకుంటున్నరు. మా అత్త గూడ. ఆమె చేతులల్లనే పోయింది పిల్ల."

నేను టేప్ రికార్డరు మూత వేశాను.

"ఎవ్వరికి చెప్పలే సారూ. మీరు అడిగిండ్రు, సదువుకున్నోళ్ళు, చెప్పిన."

ఆమె కవిత ఎందుకు అలా మొదలయిందో అప్పుడు నాకు పూర్తిగా అర్థమయింది. నిజం చెప్పాలన్న ఆరాటమూ, చెప్పలేని భయమూ రెండూ ఆ ఒక్క పాదంలో పట్టేలా ఆమె కూర్చుకుంది. అది అస్పష్టత కాదు. ఆమె తలదాచుకున్న చోటు.

అర్థమయ్యి కూడా ఆ తర్వాత నేను చేసిన పని చేశాను. ఇక్కడ తెలియక చేశానని రాసుకుంటే నాకు హాయిగా ఉంటుంది. తెలిసే చేశాను.

దిద్దడం

ఆఫీసులో కూర్చుని కవితను "దిద్దాను". పొద్దుగాల అన్నది పొద్దున్నే అయింది. దవాఖాన ఆసుపత్రి అయింది. తొట్టెల ఉయ్యాల అయింది. ఇదంతా నాకు తప్పుగా తోచలేదు. మొదటి పాదం దగ్గర ఆగాను. ఆఫీసరు గారికి చూపిస్తే ఆయన కూడా, "జనానికి ఒక్కసారే వినిపిస్తాం కదయ్యా. వెనక్కి తిప్పి చదువుకునే వీలు లేదు. ఎవరి ఒళ్ళో తెలియాలి," అన్నారు. ఆయన అన్నదాంట్లో వృత్తిపరంగా తప్పేమీ లేదు. ఆయనకు ఆ రహస్యం తెలియదు. నాకు తెలుసు.

నేను ఇలా రాశాను:

పొద్దున్నే నా పాప ఒళ్ళు కాలుతోంది
చూసి కూడా పనికి వెళ్ళాను

"చూసి కూడా" అన్న మాట దగ్గర గొంతు కాస్త తగ్గించి, రెండు క్షణాలు ఆగితే ఎలా ఉంటుందో గదిలో ఒక్కణ్ణే చదివి చూసుకున్నాను. నా ఒళ్ళే జలదరించింది.

బొమ్మల కోసం ఖాదర్ భాయ్ ఆసుపత్రి వెనకకు వెళ్ళి, తీగల మీద ఆరేసిన తెల్లదుప్పట్లు, వాటి మధ్య అటు తిరిగి ఉన్న రాజమణి, ఇవి తీసుకొచ్చాడు. ముఖం లేదు.

"ముఖం ఏది భాయ్?"

"ముఖం వద్దన్నది సాబ్. వీపు చాలు. వీపు చూస్తెనే తెలుస్తది ఎంత బరువుందో."

కానీ ఆయన నెగెటివ్‌లలో ఇంకొకటి ఉంది. పని అయిపోయాక ఆమె వెనక్కి తిరిగి, ఎండకు కళ్ళు చికిలించి చూసిన ఫోటో. ఆమెకు కాపీ ఇద్దామని తీశాడట. రంజాను పండక్కి ఆయన సెలవులో ఉన్నప్పుడు నేను చీకటిగదిలోకి వెళ్ళి, ఆ నెగెటివ్ తీసి, స్వయంగా స్లైడు తయారుచేశాను. ఆ ముఖం చూస్తే ఎవరైనా ఏడ్చి తీరాలి. దాన్ని "చూసి కూడా" అన్న మాటకు సరిగ్గా పెట్టాను.

మాదన్నపేట మార్కెట్టు

ఢిల్లీనుంచి ఒక పెద్ద అధికారి మా పని చూడటానికి వచ్చాడు. కార్యక్రమం మాదన్నపేట కూరగాయల మార్కెట్టులో పెట్టాలని ఆఫీసరు గారు నిర్ణయించారు. రాజమణికి ముందే కబురు పంపాం. చదవబోయే ప్రతిని మాత్రం ఎవరూ ఆమెకు చూపించలేదు. చూపించాలన్న ఆలోచన నాకొచ్చింది. చూపిస్తే ఆ పాదం తీసేయమంటుందని తెలుసు కనుక వాయిదా వేశాను.

ఆ సాయంత్రం బండ్లు సర్దేశాక మార్కెట్టు నేలంతా నీళ్ళు చల్లి చాపలు పరిచారు. రాజమణి కొత్త చీర కట్టుకుని అందరికంటే ముందు వచ్చింది. వెంట అత్తను తీసుకొచ్చి ముందువరసలో కూర్చోబెట్టింది. లక్ష్మమ్మ పక్కవాళ్ళతో, "మా కోడలి పాట సదువుతరట మైకుల," అని చెప్పుకోవడం నాకు వినిపించింది.

నేను కావాలనుకుంటే అప్పటికి కూడా ఆపగలిగేవాణ్ణి. స్లైడుల పెట్టె నేనే సర్దాను. కాగితం నా చేతిలోనే ఉంది. పెన్ను జేబులో ఉంది.

చదవడం మొదలుపెట్టాను. పొద్దున్నే నా పాప ఒళ్ళు కాలుతోంది. మొదటి స్లైడు, ఎండ పడ్డ గోడ. చూసి కూడా. రెండో స్లైడు తెర మీదికి వచ్చింది, తలుపంత ఎత్తున రాజమణి ముఖం.

వెంటనే తెర నల్లబడింది. బల్బు పోయిందేమోనని వెనక్కి చూశాను. ఖాదర్ భాయ్ అరచెయ్యి ప్రొజెక్టరు కంటికి అడ్డం పెట్టి నిలబడి ఉన్నాడు. ఆ స్లైడును ఆయన అప్పుడే మొదటిసారి చూస్తున్నాడు.

"ఖాదర్ భాయ్! బొమ్మ!" అన్నాను, మైకులోనే.

ఆయన నా వైపు ఒక్క క్షణం చూసి చెయ్యి తీశాడు. ముఖం మళ్ళీ వచ్చింది. నేను "చూసి కూడా" అని ఇంకోసారి మొదలుపెట్టి, గొంతు తగ్గించి, రెండు క్షణాలు ఆగి, "పనికి వెళ్ళాను" అని పూర్తిచేశాను. బాగా చదివాను. నా జీవితంలో అంత బాగా చదివింది లేదు. చాపల మీద ఆడవాళ్ళు ఏడ్చారు. ఢిల్లీ అధికారి భాష తెలియకపోయినా కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

చప్పట్లకు చేతులు జోడించి నమస్కారం పెట్టాక ముందువరస వైపు చూశాను. లక్ష్మమ్మ తెర వైపు చూడటం లేదు. పక్కన కూర్చున్న కోడలి వైపు చూస్తోంది. రాజమణి తల వంచుకుని ఉంది. తర్వాత అత్త లేచింది. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా జనం మధ్యనుంచి నడిచి వెళ్ళిపోయింది.

జీపులో ఖాదర్ భాయ్ ఒక్క మాటే అన్నాడు. "ఫోటో ఆమెకు ఇస్తనని తీసిన సాబ్." ఆ తర్వాత ఏడాదిపాటు ఆయన నాతో ఆఫీసు పని తప్ప ఇంకేమీ మాట్లాడలేదు.

మర్నాడు

పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళాను. క్షమాపణ అడుగుదామనే వెళ్ళాను గానీ, వాళ్ళే నన్ను ఓదారుస్తారన్న ఆశ కూడా లోపల ఎక్కడో ఉంది. లక్ష్మమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. పక్కన బట్టల మూట. చాంద్రాయణగుట్టలో ఉన్న కూతురింటికి వెళ్ళిపోతోంది.

"నువ్వేనా మైకుల సదివింది?" అని అడిగింది.

"అవునమ్మా."

"మంచిగ సదివినవు నాయనా. ప్రతి మాట సమజైంది." వెటకారం లేదు ఆ గొంతులో. "ఐదేండ్ల సంది నా చేతులల్ల పోయిందని ఏడ్సిన. ఏ దేవుని కాడికి పోయినా తప్పు నాదే అని మొక్కిన. నా పక్కల్నే పండుకుంటది ఇది. ఒక్కనాడన్న చెప్పలే."

రాజమణి లోపలినుంచి వచ్చి తలుపు దగ్గర నిలబడింది. నేను ఏదో మొదలుపెట్టాను. కవిత బాగుండాలని, జనానికి అర్థం కావాలని.

ఆమె మధ్యలోనే, "మీకు చెప్పిన సారూ," అంది. "తెరకు చెప్పలే."

అంతే. తిట్టలేదు, ఏడవలేదు. అత్తను బస్సు ఎక్కించడానికి ఆమె మూట తీసుకుని బయలుదేరింది. ఇద్దరూ సందులో ఒకరి వెనక ఒకరు నడిచి వెళ్ళారు. లక్ష్మమ్మ మూట మోయనిచ్చింది గానీ వెనక్కి తిరిగి చూడలేదు. రాజమణి రాత్రిబడికి రావడం మానేసిందని టీచరమ్మ తర్వాత చెప్పింది. పాటలు కట్టడం కూడా.

నేను చెప్పుకున్న సాకులు

చాలా ఏళ్ళు ఒక వాదన నన్ను కాపాడింది. ఆ ముసలావిడ చేయని తప్పుకు ఐదేళ్ళు కుమిలింది కదా, నా వల్ల ఆమెకు నిజం తెలిసింది కదా అని. పిల్లలూ, ఈ వాదన మీకూ ఎదురవుతుంది. వినడానికి చాలా న్యాయంగా ఉంటుంది. ఆ నిజం లక్ష్మమ్మకు తెలియవలసిందే. కానీ చెప్పవలసింది రాజమణి, ఇంట్లో, ఇద్దరే ఉన్నప్పుడు, తను ధైర్యం తెచ్చుకున్న రోజున. బహుశా ఆమె ఆ కవిత కట్టడమే ఆ రోజు వైపు వేసిన మొదటి అడుగు. అత్తను వెంటపెట్టుకుని రావడం రెండోదేమో. ఆ మూడో అడుగు నేను లాక్కున్నాను, అదీ చప్పట్ల కోసం.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆ కార్యక్రమానికి నాకు మెప్పు లేఖ వచ్చింది. మిగతా జిల్లాల్లో కూడా వేయమని ఆదేశం వచ్చింది. నేను ముఖం ఉన్న స్లైడు తీసేశాను. దాన్ని తీసేసినప్పుడు పెద్ద పాపపరిహారం చేసినట్టు అనిపించింది. ఆ పాదం మాత్రం తీయలేదు. జనం ఏడ్చేది అక్కడే. వరంగల్లులో చదివాను, కరీంనగర్‌లో చదివాను, మెదక్‌లో చదివాను. ప్రతిచోటా గొంతు తగ్గించాను, ప్రతిచోటా రెండు క్షణాలు ఆగాను.

ప్రసూతి వార్డు

డెబ్భైల చివర్లో మా ఆవిడ రెండో కాన్పు హైదరాబాదులోనే జరిగింది. నెలలు నిండకుండానే నొప్పులు రావడంతో దగ్గరున్న సర్కారు ఆసుపత్రికే పరుగెత్తాం. అది ఏ ఆసుపత్రో దారిలో నాకు తట్టనే లేదు. వరండాలో నిలబడి ఉండగా తలుపు తెరుచుకుని ఒక ఆయా బయటికి వచ్చింది. చేతుల్లో తెల్లగుడ్డలో చుట్టిన బిడ్డ.

"ఆడపిల్ల సారూ. తల్లి మంచిగున్నది," అని బిడ్డను నా చేతుల్లో పెట్టాక నా ముఖం చూసింది. ఇద్దరం ఒకేసారి గుర్తుపట్టాం.

జుట్టు కొంచెం నెరిసింది. మిగతాదంతా అదే మనిషి. అత్తగారు ఎలా ఉన్నారని అడిగాను.

"పోయింది సారూ, నిరుడు. మళ్ళ మా ఇంటికి రాలే. పోయినంక నన్ను పిలిచిండ్రు. నీళ్ళు నేనే పోసిన."

బిడ్డ కదిలింది. నాకు సరిగా ఎత్తుకోవడం రాదని గమనించి, నా మోచెయ్యి కాస్త పైకి లేపి, బిడ్డ తల సర్దింది. అలా సర్దుతూనే, తల ఎత్తకుండా అడిగింది.

"ఇంకా సదువుతున్నరా సారూ, అది?"

అంతకు మూడు రోజుల ముందే నల్గొండలో చదివి వచ్చాను.

"లేదమ్మా," అన్నాను. "ఆనాడే ఆపేశాం."

"మంచి పని చేసిండ్రు," అంది.

మర్నాడు ఆఫీసుకు వెళ్ళి, ఇక ఆ కవిత చదవనని చెప్పాను. ఎందుకని అడిగితే ఆఫీసరు గారికి మొదటిసారి మొత్తం చెప్పాను. ఆయన అంతా విన్న తర్వాత కాగితాలు తెప్పించుకుని నా ఎదురుగానే చించేశారు. ఆ తర్వాత ఎవరి మాట దిద్దినా, ముందు వాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళి వినిపించాకే మైకు ముట్టుకున్నాను. అన్నీ చేశాను. ఆసుపత్రికి వెళ్ళి, ఆ రోజు నీతో అబద్ధం ఆడానని చెప్పడం ఒక్కటే చేయలేకపోయాను.

ఆమె నా మాట నమ్మింది. నా కూతురి నుదుటి మీద అరచెయ్యి పెట్టి, ఒళ్ళు వేడిగా లేదని చూసుకుని, లోపలికి వెళ్ళిపోయింది.